ముందు రివెట్లు, తర్వాతే ప్రయాణం

బొమ్మ రైలింజన్ను సమీక్షించడం పిల్లలాట కాదు. చాలామంది దాన్ని పెట్టెలోంచి తీసి, పట్టాల మీద పెట్టి, నడుస్తోందా లేదా అని చూస్తారు. ఇంతకన్నా బాధ్యతారాహిత్యం ఇంకోటి లేదు. నడవడం ఆఖరి సంగతి. ముందు భూతద్దం తియ్యాలి, రేకుల్ని బిగించే రివెట్లు లెక్కపెట్టాలి.

బ్రిటన్‌లో పేరుమోసిన ఆవిరి ఇంజన్ ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌నే తీసుకోండి. 1923లో డాన్‌కాస్టర్ వర్క్‌షాపు నుంచి బయటికొచ్చినప్పుడు దాని నంబరు 1472. మరుసటి ఏడు 4472 అయింది. 1928లో లండన్ నుంచి ఎడిన్‌బరోకి ఎక్కడా ఆగకుండా నడపడం కోసం, దార్లోనే సిబ్బంది డ్యూటీ మారేలా టెండర్‌లో, అంటే ఇంజన్ వెనక బొగ్గూ నీళ్లూ మోసే బండిలో, సన్నటి నడవా పెట్టారు. ఇప్పుడు మోడల్ మీద 1472 అని రాసి, వెనక నడవా టెండర్ తగిలించారనుకోండి. తాత పెళ్ళి ఫొటోలో మనవణ్ణి నిలబెట్టినట్టే! ఇలాంటివి క్షమించకూడదు. అలాగే డ్రైవరుండే క్యాబ్ మీది ఆపిల్ గ్రీన్‌కీ, టెండర్ మీది ఆపిల్ గ్రీన్‌కీ తేడా ఉందని అనుమానమొస్తే ట్యూబ్‌లైటు కింద ఓసారి, కిటికీ దగ్గర ఎండలో ఓసారి చూసి రెండు పేజీలు రాయాలి.

ఇంత తనిఖీలోనూ పట్టాల వైపు మాత్రం చూడకూడదు. మర్యాద కాదు. బ్రిటన్‌లో ఎక్కువమంది నడిపేది ఓఓ సైజు. బండి అసలుదానిలో 76వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం 18.83 ఉండాలి. అంటే నిజం రైలైతే పట్టాలు ఏడంగుళాలు దగ్గరికి జరిగిపోయినట్టు. అప్పట్లో బ్రిటిష్ ఇంజన్లు సన్నం, మోటార్లు లావు. మోటారు పట్టడానికి బండిని కాస్త పెంచి, పట్టాల్ని అలాగే వదిలేశారు. దాదాపు వందేళ్లుగా సాగుతోంది కాబట్టి ఇప్పుడది సంప్రదాయం. సంప్రదాయానికి మార్కులు కొయ్యరు. 18.83 దగ్గరే నిక్కచ్చిగా నిలబడి, పట్టాలు సొంతంగా వేసుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లని గౌరవించాలి, కాస్త దూరం నుంచి. (మనం నవ్వక్కర్లేదు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. ముక్కు మీద నక్షత్రం ఉండే మన పాత డబ్ల్యూపీ ఆవిరి ఇంజన్ని హెచ్‌ఓ సైజులో, అంటే అసలుదానిలో 87వ వంతుగా చేసి అదే 16.5 పట్టాలెక్కిస్తే, మనం మింగేసింది తొమ్మిదిన్నర అంగుళాలు.)

ఇక నడపడం. లోడు లేకుండా ముందుకి అరగంట, వెనక్కి అరగంట తిప్పాలి. ఇరుసుకి నూనె ఒక్క చుక్క, అదీ సూదిమొనతో. "ఎక్కడికి పోతోందండీ అది?" అని ఇంట్లో అడుగుతారు. ఎక్కడికీ పోదు. 438 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో గుండ్రంగా తిరుగుతుంది. ఆ వంపుని నిజం సైజుకి పెంచితే 33 మీటర్లు. అసలు స్కాట్స్‌మన్ అలాంటి మలుపు తిరగబోతే పట్టాల మీద ఉండదు, పేపర్లో ఉంటుంది. అందుకే కొన్ని మోడళ్లలో క్యాబ్ కింది చక్రాలకి అంచులు తీసేసి, ఊరికే కనబడేలా పెడతారు. సమీక్షలో దీన్ని 'తెలివైన పరిష్కారం' అనాలి. హ్యాండ్‌రెయిల్ వెంట్రుకవాసి లావైతే మాత్రం 'నిరాశ పరిచింది' అనాలి.

వేగం మాటకొస్తే, 1938 జూలై 3న మల్లార్డ్ అనే బ్రిటిష్ ఇంజన్ గంటకి 126 మైళ్లు అందుకుని ఆవిరి ఇంజన్లలో ప్రపంచ రికార్డు కొట్టింది. ఓఓ లెక్కలో అది సెకనుకి 74 సెంటీమీటర్లు. కంట్రోలర్ నాబ్ చేతికి దొరికితే మూడేళ్ల పిల్లాడు కూడా ఆ రికార్డు మీద కన్నేస్తాడు.

ఆవిరి ఇంజన్లో ఆవిరేదీ అని అడిగే అమాయకులూ ఉంటారు. లోపలుంది 12 వోల్టుల మోటారయ్యా! పట్టాల కరెంటుతో నీళ్లు మరిగించి నిజంగా ఆవిరితో నడిచే ఓఓ మల్లార్డ్‌ని 2003లో బొమ్మ రైళ్ల కంపెనీ హార్న్‌బీ తెచ్చింది. దాంతో వచ్చిన చిక్కల్లా, రివెట్లు లెక్కపెడదామని వేలు పెడితే కాలుతుంది.

అన్నిట్లో నెగ్గి, రంగు అద్దంలా ఉందని తేలాక చెయ్యాల్సింది, నిజంగా పనిచేసిన బండిలా కనబడేందుకు దానికి మసి పూయించడం. ఫ్యాక్టరీలోనే మసి పూసి అమ్మే రకాలూ ఉన్నాయి. అవి చేతికొస్తే సమీక్షకుడు కళ్లజోడు సవరించుకుని అడగాల్సింది ఒకటే: ఇది ఏ షెడ్డు మసి?