డంకన్ ఎడ్వర్డ్స్ ఇంకా సర్వదర్శనం క్యూలోనే ఉన్నాడు

తిరుపతి బాలాజీ కాలనీలో ఒక టీ బంకు ముందు, శనివారం రాత్రి మ్యాచ్ ముగిశాక, మాంచెస్టర్ యునైటెడ్ అనే ఇంగ్లాండు ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్రలోనే అత్యుత్తమమైన పదకొండు మందిని ఎంపిక చేసే గురుతర బాధ్యతను ఒక సంఘం తనంతట తానే భుజాన వేసుకున్న సంగతి పాఠకులకు తెలియకపోవచ్చు. ఆ క్లబ్బుకు కూడా తెలియదు. సంఘంలో ఏడుగురు సభ్యులున్నారు. మాంచెస్టర్ చూసినవారు ఒక్కరూ లేరు, చెన్నై దాటి వెళ్ళినవారు మాత్రం ఇద్దరున్నారు. వయసులో పెద్దవాడినని నన్ను అధ్యక్షుడిని చేశారు. టీ డబ్బులు అధ్యక్షుడే ఇవ్వాలన్న నిబంధన ఆ తరువాత బయటపడింది.

మొదటి సమావేశంలోనే ఒక సభ్యుడు, డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నవాడు, ఒక నియమం ప్రతిపాదించాడు. "చూసినోళ్ళనే తీసుకోవాల నా. చూడనోళ్ళ గురించి మనకెందుకు?" చూడటమంటే ఏమిటని విచారించగా, అతని ఫోనులోని ఆటలో ఒక్కో ఆటగాడికి నూటికి ఇన్ని అని మార్కులుంటాయనీ, తొంభై దాటినవాడు గొప్పవాడనీ, పేరే లేనివాడు పుట్టనట్టేననీ తేలింది. ఇంటర్ పరీక్షల్లో తన మార్కులను ఎన్నడూ నమ్మని ఈ కుర్రవాడు ఆ మార్కులను వేదంలా నమ్ముతాడు. 1878లో రైల్వే కార్మికులు న్యూటన్ హీత్ పేరుతో మొదలుపెట్టి, 1902లో పేరు మార్చుకున్న ఆ క్లబ్బు, మా సంఘం లెక్క ప్రకారం 2003లో, అంటే రొనాల్డో అడుగుపెట్టిన రోజున పుట్టింది.

ఈ ఎంపిక సాగిన తీరుకు కొండమీది క్యూ గుర్తుకు రాకపోతే నేను తిరుపతివాడినే కాను. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో 31 కంపార్టుమెంట్లూ నిండిపోయాయనుకోండి. మొదటి దానిలో క్లబ్బు పాతకాలపు ఆటగాడు బిల్లీ మెరెడిత్ అలవాటు ప్రకారం పళ్ళ మధ్య పుల్ల నములుతూ కూర్చున్నాడు. ఆయన టోకెను మీద, క్లబ్బులో చేరిన ఏడాది, 1906 అని ఉంది. ఆయన వెనక బాబీ చార్ల్‌టన్, 758 మ్యాచ్‌లు, 249 గోల్స్ అని రాసి ఉన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకొని, సేవకులు పాలు తెస్తే ముందు పక్కవారికి ఇవ్వమంటున్నాడు. డెనిస్ లా 1964లో యూరప్ మేటి ఆటగాడిగా గెలుచుకున్న బంగారు బంతిని లోపలికి తేకూడదని లగేజీ కౌంటర్లో పెట్టించారు. జార్జ్ బెస్ట్ ఇందాక గేటు దగ్గర కనిపించాడు, ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. అంతలో ఒక్క సీజను బాగా ఆడి, మరుసటి సీజనంతా మోకాలు పట్టుకొని కూర్చున్న ఒక కుర్రవాడు సిఫార్సు లేఖతో దిగాడు. లేఖలో ఒకే ఒక్క వాక్యం ఉంది: మార్కులు 91. బ్రేక్ దర్శనం అయింది, లడ్డూలు చేతికొచ్చాయి, జట్టులో చోటూ దొరికింది. మైకులో మాత్రం, 1958 నాటి భక్తులు దయచేసి మరికొంత సేపు వేచి ఉండవలసిందని, ఐదు భాషల్లో ప్రకటన వినిపిస్తూనే ఉంది.

తయారైన జట్టులో ఆరుగురు గోల్స్ కొట్టేవారే. పెళ్ళిలో వడ్డించేవారందరూ లడ్డూల బుట్టలే పట్టుకొని తిరుగుతుంటే, అన్నం పెట్టేవాడు లేక విస్తరి ముందు కూర్చున్నవారు ముఖాలు చూసుకున్నట్టుంది. కుడికాలి ఆటగాడై ఉండి, పన్నెండేళ్ళ పాటు ఎక్కువగా ఎడమవైపు కాపు కాసి, 500కు పైగా మ్యాచ్‌లు ఆడిన డెనిస్ ఇర్విన్ పేరు నేను చెబితే, ఆయన హెయిర్ స్టైల్ బాగాలేదన్నారు. సరే, దానినీ సహించాను.

సహించలేకపోయింది 1950ల నాటి యునైటెడ్ ఆటగాడు డంకన్ ఎడ్వర్డ్స్ దగ్గర. నేను ఆ పేరు చదివినప్పుడు మన డిగ్రీ సభ్యుడు ఫోను నుంచి తల ఎత్తకుండానే, "ఆ పిల్లోడు ఏం ఆడినాడు నా, ఇరవయ్యొకటికే పోయినాడే" అన్నాడు. అవునయ్యా, పోయాడు. కావాలని పోయాడా? బెల్‌గ్రేడ్‌లో మ్యాచ్ ఆడి, మరునాడు, 1958 ఫిబ్రవరి 6న తిరిగివస్తూ, ఇంధనం కోసం మ్యూనిక్‌లో ఆగిన విమానం, కరిగిన మంచు బురదలా పేరుకున్న రన్‌వే మీద రెండుసార్లు లేవలేక, మూడోసారి కూలిపోయింది. 23 మంది చనిపోయారు. అందులో ఎనిమిది మంది ఆ క్లబ్బు ఆటగాళ్ళు. ఎడ్వర్డ్స్ పదిహేను రోజులు ఆసుపత్రిలో ప్రాణంతో పెనుగులాడి పోయాడు. అప్పటికే యునైటెడ్‌కు 177 మ్యాచ్‌లు, ఇంగ్లాండుకు 18 మ్యాచ్‌లు ఆడాడు. దేశం తరఫున మొదటిసారి దిగేనాటికి వాడికి పద్దెనిమిదేళ్ళు. ఆ వయసులో మన సభ్యుడు రెండు సబ్జెక్టులు తప్పి సప్లిమెంటరీకి ఫీజు కట్టుకున్నాడు. వీడు ఫోనులో పేరు కొట్టి, దొరకలేదని, వాణ్ణి తీసిపారేస్తాడా! ఇంకో వందేళ్ళు బతికినా ఆ కుర్రవాడి బూటు లేసు కట్టే అర్హత మా సంఘంలో ఎవడికీ రాదు, అధ్యక్షుడితో సహా.

నువ్వు మాత్రం చూశావా అని పాఠకులు అడగవచ్చు. చూడలేదు. మసకబారిన రీళ్ళలో కొన్ని క్షణాలు చూశాను, అంతే. అన్నమయ్య పాడగా విన్నవారు ఎవరున్నారు? దొరికినవి రాగిరేకులు, వీడియోలు కావు. అయినా పదకవితా పితామహుడి పదవికి ఆయనను పక్కనపెట్టి, పోయిన నెల పాట విడుదల చేసినవాడిని కూర్చోబెడదామని ఈ ఊరిలో ఇంతవరకు ఎవరూ తీర్మానించలేదు.

నా గొంతు పెరిగేసరికి టీ మాస్టరు స్టవ్ తగ్గించాడు, సంఘం కూడా కాస్త తగ్గింది. "కోప్పడొద్దు నా, సబ్‌స్టిట్యూట్‌గా పెడదాంలే" అని రాజీకి వచ్చారు. ఇంగ్లాండ్ లీగులో ఒక ఆటగాడి బదులు మరొకరిని దింపే పద్ధతే 1965లో మొదలైంది. బతికినన్నాళ్ళూ లీగులో బెంచీ అన్నదే ఎరుగని మనిషికి, చనిపోయిన ఇన్నేళ్ళ తరువాత బాలాజీ కాలనీలో దయతలచి బెంచీ వేశారు.

మరుసటి వారం శిక్షకుడి ఎంపిక జరిగింది. 13 లీగు టైటిళ్ళు గెలిచిన ఫెర్గూసన్‌ను ఏకగ్రీవం చేసి లేవబోతుండగా, మ్యూనిక్ ఆసుపత్రిలో చావు అంచుదాకా వెళ్ళివచ్చి, కొత్త జట్టును మొదటి నుంచి కట్టి, సరిగ్గా పదేళ్ళకు 1968లో యూరప్ కప్పు గెలిపించిన మాట్ బస్బీ పేరును కనీసం చర్చకైనా తీసుకోవాలని నేను కోరాను. సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"బస్బీనా? అది ఏ డిపోది నా?"

ఆ రాత్రి టీ డబ్బులు నేను ఇవ్వలేదు.