బబుల్ సార్ట్ కదలనిది సింగిల్ థ్రెడ్ వల్ల కాదు

కోడింగ్ నేర్చుకునేవాళ్లలో ఈ మాట చేతులు మారుతూనే ఉంది: "జావాస్క్రిప్ట్‌కు ఒకటే థ్రెడ్ (ఒకసారికి ఒకే పని నడిపే వరుస). అందుకే బ్రౌజర్‌లో అల్గారిథమ్‌ను అడుగడుగునా చూపించలేం. చూపించాలంటే ప్రతి అడుగు తర్వాత ఖాళీ లూప్ తిప్పి ఆపాలి, లేదా ఫంక్షన్‌కు అసింక్ (మధ్యలో ఆగి వేచి ఉండగలదని చెప్పే పదం) తగిలించాలి, లేదా వెబ్ వర్కర్ (వెనుక వేరే థ్రెడ్ మీద నడిచే కోడ్) పెట్టాలి." కళ్లముందు గడులు అటూ ఇటూ మారుతుంటే సార్టింగ్ ఎంత తేలిగ్గా బుర్రకెక్కుతుందో తెలిసినవాణ్ణి కాబట్టి, దీన్ని ఇలాగే వదిలేయలేకపోతున్నాను.

"ఒకటే థ్రెడ్" వరకు నిజం. పేజీలో మన కోడ్ నడిచేదీ, బొమ్మ సిద్ధమయ్యేదీ ఆ మెయిన్ థ్రెడ్ మీదే. "చూపించలేం" అన్నది మాత్రం అబద్ధం. చేతిలో ఉన్న పని ముగిశాకే బ్రౌజర్‌కు స్క్రీన్ మీద గీసే వీలు దొరుకుతుంది. పక్కపక్క గడుల్లోని విలువలను పోల్చి, వరుస తప్పితే మార్చుకుంటూ పోయేది బబుల్ సార్ట్. 50 గడుల బబుల్ సార్ట్‌లో మొత్తం 1,225 పోలికలు. అవన్నీ ఒకే ఫంక్షన్‌లో ఒక్క ఊపున నడిపితే మధ్యలో ఏదీ గీయబడదు. మొదటి బొమ్మ, చివరి బొమ్మ మాత్రమే కనిపిస్తాయి. థ్రెడ్ ఒకటే కావడం ఇక్కడ సమస్య కాదు, దాన్ని మనం మధ్యలో వదలకపోవడమే సమస్య.

ఖాళీ లూప్ సలహా అన్నిటికంటే చెడ్డది. లూప్ తిరుగుతున్నంతసేపూ థ్రెడ్ మన గుప్పిట్లోనే ఉంటుంది. పోలికకు ఒక సెకను చొప్పున ఆపితే 20 నిమిషాల 25 సెకన్లు పేజీ బిగుసుకుపోతుంది. బొమ్మ మారదు, "ఆపు" బటన్ నొక్కినా పలకదు.

అసింక్ రాసినంత మాత్రాన వేరే థ్రెడ్ పుట్టదు. మొదటి అవెయిట్ (ఫలితం వచ్చేదాకా ఆగమనే మాట) దాకా ఆ ఫంక్షన్ మామూలుగానే నడుస్తుంది. అప్పటికే తీరిపోయిన ప్రామిస్‌ను (తర్వాత వచ్చే ఫలితానికి గుర్తు) అవెయిట్ చేసినా లాభం లేదు: మిగతా కోడ్ మైక్రోటాస్క్‌గా (ఇప్పటి పని అవగానే నడిచే చిన్న పనిగా) క్యూలో చేరుతుంది, ఆ క్యూ ఖాళీ అయ్యేదాకా బ్రౌజర్ గీయదు. చాలామంది జారిపడేది ఇక్కడే. కొంతసేపటి తర్వాత మన కోడ్‌ను పిలిచే సెట్‌టైమౌట్‌తోనో, తర్వాతి బొమ్మ (ఫ్రేమ్) గీసేముందు పిలిచే రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్‌తోనో తీరే ప్రామిస్‌ను అవెయిట్ చేస్తే అప్పుడు గీయడానికి నిజంగా చోటు దొరుకుతుంది.

వర్కర్‌కు పేజీలోని ఎలిమెంట్లను ముట్టుకోవడం కుదరదు. అడుగులన్నీ మెసేజ్‌లుగా ఒక్కసారే పంపితే వాటిని నిదానంగా ఆడించే పని మళ్లీ మెయిన్ థ్రెడ్‌దే. బరువైన లెక్కలకు వర్కర్ మంచిదే, 50 గడులకు అక్కర్లేదు.

నేను ఎంచుకునే దారి జనరేటర్, అంటే మధ్యలో ఆగి మళ్లీ అక్కడినుంచే కొనసాగే ఫంక్షన్. ఇది 2015 నుంచీ భాషలోనే ఉంది. పుస్తకంలో ఉన్న రెండు లూపులనూ అలాగే ఉంచి, ఫంక్షన్ అనే పదం పక్కన నక్షత్రం (*) పెట్టి, ప్రతి పోలిక తర్వాత ఒక యీల్డ్ (ఇక్కడ ఆగమనే మాట) రాస్తే చాలు. లూపుల లెక్కలైన ఐ, జే విలువలతో సహా ఫంక్షన్ అక్కడే ఆగుతుంది. దాన్ని మళ్లీ కదిలించే నెక్స్ట్‌ను ఫ్రేమ్‌కు ఒకసారి పిలిస్తే 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఫ్రేములు) స్క్రీన్ మీద సుమారు 20 సెకన్లలో సార్ట్ పూర్తవుతుంది. 144 హెర్ట్జ్ మీద అదే ఎనిమిదిన్నర సెకన్లకు తగ్గుతుంది కాబట్టి, ఫ్రేములు లెక్కపెట్టకుండా ఫ్రేమ్‌తో పాటు వచ్చే టైమ్‌స్టాంప్ చూసి అడుగు వేయాలి. పాజ్ కావాలంటే నెక్స్ట్ పిలవకుండా ఉంటే సరి. తనను తాను పిలుచుకునే క్విక్ సార్ట్ అనే ఇంకో పద్ధతికి యీల్డ్ పక్కన నక్షత్రం పెడితే లోపలి అడుగులూ ఒక్కొక్కటిగా బయటికొస్తాయి.

వెనక్కి అడుగు వేయడానికి మాత్రం జనరేటర్ ఒక్కటే చాలదు. జరిగిన స్వాప్‌లను (గడుల మార్పిడులను) ఒక జాబితాలో దాచుకుని, చివరినుంచి ఒక్కొక్కటీ మళ్లీ చేయాలి. అవే రెండు గడులను ఇంకోసారి మారిస్తే పాత వరుస తిరిగి వస్తుంది.