సీట్లు సరే, పాఠం చెప్పేదెవరు?

ఇంజినీరింగ్ వెబ్ ఆప్షన్ల గడువు దగ్గర పడితే చాలు, మద్దిలపాలెం నుంచి మధురవాడ దాకా హైవేకి రెండు వైపులా కాలేజీల హోర్డింగులు మొలుస్తాయి. ఇప్పుడు వాటి మీదికి కొత్త ఎర వచ్చి చేరింది. విశాఖకు గూగుల్ వస్తోంది, టీసీఎస్, కాగ్నిజెంట్ వస్తున్నాయి, అందుకని మా కాలేజీలో కంప్యూటర్ సైన్స్‌లో, అంటే సీఎస్‌ఈలో చేరండి అంటున్నారు. ఆ కంపెనీలతో తమకు ఏదైనా ఒప్పందం ఉందని మాత్రం ఎక్కడా రాయరు. సీఎస్‌ఈలో సీట్లు ఎన్ని పెరిగాయో అరచేయంత అక్షరాల్లో వేస్తారు. ఆ సీట్లలో కూర్చునే పిల్లలకు పాఠం చెప్పడానికి ఎందరు అధ్యాపకులు పెరిగారో ఏ మూలా కనిపించదు. మమ్మల్ని కలవరపెడుతున్నది ఆ లేని అంకె.

కంపెనీలు రావడం నిజమే, అందుకు మాకూ సంతోషమే. రుషికొండలో 99 పైసలకు భూమి తీసుకున్న టీసీఎస్ 12 వేల ఉద్యోగాలు చెప్పింది. కాపులుప్పాడలో కాగ్నిజెంట్ 8 వేలు చెప్పింది. గూగుల్ 2025 అక్టోబరులో డేటా సెంటర్ కోసం ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. ఇవన్నీ పాఠకులకు తెలిసినవే. కానీ ఏ కంపెనీ అయినా ఉద్యోగం ఇచ్చేది పనొచ్చిన వాళ్లకు. విశాఖ కాలేజీలో సీటు కొన్నాడని ఎవరికీ ఇవ్వదు. ఈ రెంటికీ మధ్య తరగతి గది ఉంది. అక్కడే వ్యవహారమంతా చెడిపోతోంది.

ఒక్క లెక్క చూద్దాం. ఒక బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న గరిష్ఠ పరిమితిని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి, అంటే ఏఐసీటీఈ, 2024-25 నుంచి ఎత్తేసింది. అదే మండలి నిబంధన ప్రకారం ప్రతి 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. ఒక కాలేజీ సీఎస్‌ఈలో ఏటా 600 మందిని చేర్చుకుందనుకోండి. నాలుగేళ్లకు 2400 మంది. వాళ్లకు 120 మంది అధ్యాపకులు కావాలి. ఒక ప్రొఫెసర్‌కు ఇద్దరు అసోసియేట్లు, ఆరుగురు అసిస్టెంట్లు అన్న నిష్పత్తిలో చూస్తే అందులో 13 మంది ప్రొఫెసర్లు ఉండాలి, వాళ్లందరికీ పీహెచ్‌డీ ఉండాలి. ఇదంతా ఒక్క కాలేజీకి, ఒక్క శాఖకు. ఆనందపురం నుంచి అనకాపల్లి దాకా ఉన్న కాలేజీలన్నిటికీ ఈ లెక్క వేస్తే అంత మంది కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్లు మొత్తం ఉత్తరాంధ్రలో ఉన్నారా? లేరని కాలేజీ యాజమాన్యాలకు తెలుసు. అనుమతులిచ్చే వాళ్లకూ తెలుసు. తెలిసీ సీట్లు పెంచుతున్నారు.

మరి పాఠం చెప్పేదెవరు? నిన్నటిదాకా థర్మోడైనమిక్స్ చెప్పిన మెకానికల్ మాస్టారికి వేసవి సెలవుల్లో వారం రోజుల ఎఫ్‌డీపీ, అంటే అధ్యాపక శిక్షణ చేయించి, కాలేజీ తెరవగానే పైథాన్ ప్రోగ్రామింగ్ క్లాసు అప్పగిస్తున్నారు. తప్పు ఆయనది కాదు. ఆయన శాఖలో సీట్లు తీసేశారు, ఇల్లు గడవాలి, ఇచ్చిన క్లాసు తీసుకున్నారు. రాత్రి యూట్యూబ్‌లో తాను నేర్చుకున్నది పొద్దున పిల్లలకు చెబుతున్నారు. నిరుడు బీటెక్ అయి ఉద్యోగం దొరకని సీనియర్‌ను ల్యాబ్ అసిస్టెంట్ పేరుతో తీసుకుని, అతనితోనే థియరీ క్లాసులు కూడా చెప్పిస్తున్న కాలేజీలున్నాయి. ఎంటెక్ చేసి నిజంగా పాఠం చెప్పగలిగిన మనిషి దొరికితే ఆయనకిచ్చే జీతం చాలాచోట్ల కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ కుర్రాడి జీతం కన్నా తక్కువ. అదైనా నెలనెలా ఇవ్వరు. అలాంటప్పుడు కోడింగ్ వచ్చినవాడు కాలేజీకి ఎందుకు వస్తాడు? బెంగళూరో హైదరాబాదో రైలెక్కుతాడు.

తనిఖీ రోజు సంగతి వేరే చెప్పక్కర్లేదు. తనిఖీ బృందం వచ్చే తేదీ ముందే తెలుస్తుంది. ఆ రోజుకి స్టాఫ్ రూము నిండుతుంది. మర్నాటికి మళ్లీ ఖాళీ.

ఒక సీఎస్‌ఈ ల్యాబ్‌లో ఏం జరుగుతుందో చూడని తల్లిదండ్రులు ఒక్కసారి చూడాలి. బ్యాచిలో 60 మందికి పైగా ఉంటారు, పనిచేసే సిస్టమ్స్ అందులో సగం. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు. ఒకడు టైప్ చేస్తాడు, మిగతా ఇద్దరు రికార్డు రాసుకుంటారు. రికార్డంటే ప్రోగ్రాంను పెన్నుతో కాగితం మీద రాసి, కింద అవుట్‌పుట్ కూడా పెన్నుతోనే రాయడం. ఆ ప్రోగ్రాం వాళ్లు నడిపింది కాదు, ఆ అవుట్‌పుట్ వాళ్ల తెర మీద వచ్చింది కాదు. పోయినేడాది సీనియర్ రికార్డులోంచి దించింది. సీనియర్ రికార్డులో సెమీకోలన్ ఎక్కడ తప్పిపోయిందో ఈ ఏడాది అందరి రికార్డుల్లోనూ అక్కడే తప్పిపోతుంది. అయినా ఎక్స్‌టర్నల్ పరీక్షలో మార్కులు నిండుగా పడతాయి. మార్కులు తగ్గిస్తే పాస్ పర్సంటేజీ తగ్గుతుంది, అది తగ్గితే వచ్చే ఏడు అడ్మిషన్లు తగ్గుతాయి. ఇలా నాలుగేళ్లు గడిపి బయటికొచ్చిన కుర్రాడికి లింక్డ్ లిస్ట్ తిరగేసే చిన్న ప్రోగ్రాం రాయమంటే చెమటలు పడుతున్నాయంటే తప్పు ఎవరిది?

పేర్లు మాత్రం రోజుకొకటి పుడుతున్నాయి. సీఎస్‌ఈ పక్కన బ్రాకెట్లో ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ. బోర్డు మారిందే తప్ప గది అదే, ల్యాబ్ అదే, చాలాచోట్ల మాస్టారు కూడా ఆయనే. మెషీన్ లెర్నింగ్ అర్థం కావాలంటే లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా రావాలి. వాటిని మొదటి ఏడాదిలోనే ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ కొట్టించి దాటించేస్తున్నారు. సైబర్ సెక్యూరిటీ చెప్పాలంటే ముందు నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ లోతుగా చెప్పగలిగిన మనిషి ఉండాలి. ఆయనే లేనప్పుడు బ్రాకెట్లో ఏం రాసుకుంటే ఏం లాభం?

సీఎస్‌ఈ చదవొద్దని మేం అనడం లేదు. సరిగ్గా చదివితే అంత మంచి చదువు మరొకటి అరుదు. ఒక చిక్కు సమస్యను ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ యంత్రానికి అర్థమయ్యేలా చెప్పడం, అది ఎంత సమయం, ఎంత మెమరీ తింటుందో ముందే అంచనా కట్టడం, తప్పు ఎక్కడుందో ఓపికగా వెతికి పట్టుకోవడం అందులో నేర్పుతారు. డేటా స్ట్రక్చర్స్, ఆల్గారిథమ్స్, డీబీఎంఎస్, కంపైలర్లు, డిస్క్రీట్ మ్యాథ్స్ వచ్చినవాడు జావా పోయి మరొకటి వచ్చినా నెల రోజుల్లో నేర్చుకుంటాడు. ఇవి రానివాడు ఒక్క లాంగ్వేజ్ పట్టుకుని వేలాడతాడు, అది పాతబడగానే కింద పడతాడు. ఈ పునాది వేయాల్సింది అధ్యాపకుడు. అతను లేకుండా సీటు ఇవ్వడమంటే డాక్టరు లేని ఆసుపత్రిలో మంచం ఇవ్వడమే.

పైగా కాలం మునుపటిలా లేదు. పదిహేనేళ్ల కిందట సర్వీస్ కంపెనీలు ఏ బ్రాంచి వాళ్లనైనా వందల్లో తీసుకుని, ఆరు నెలలు జీతమిచ్చి మరీ నేర్పించేవి. కాలేజీ చేయని పని కంపెనీ చేసేది. అందుకే కాలేజీల లోటు బయట పడలేదు. ఆ రోజులు పోతున్నాయి. 2022లో ఆఫర్ లెటర్లు చేతికొచ్చిన పిల్లల్లో కొందరు ఏడాదికి పైగా జాయినింగ్ తేదీ కోసం మెయిల్ చూసుకుంటూ కూర్చున్నారు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తొలగిస్తానని చెప్పింది. దాదాపు రుషికొండకు ఆ కంపెనీ చెప్పినన్ని ఉద్యోగాలు. ఫ్రెషర్ ప్యాకేజీ దశాబ్దానికి పైగా 3 నుంచి 4 లక్షల దగ్గరే తిరుగుతోంది. చిన్న చిన్న కోడ్ రాయడం, టెస్టింగ్, పాత ప్రోగ్రాములకు మరమ్మతులు వంటి కొత్తవాళ్ల పనిని ఇప్పుడు ఏఐ టూల్స్ చేస్తున్నాయి. ఆ టూల్ ఇచ్చిన కోడ్‌లో తప్పు ఎక్కడుందో చెప్పగలిగినవాడే ఇక కంపెనీకి కావాలి. ఆ చూపు రికార్డు దించితే రాదు. దానికి చెప్పేవాడు కావాలి. మళ్లీ అక్కడికే వస్తున్నాం.

డిమాండ్ ఉంది, పిల్లలు అదే బ్రాంచి అడుగుతున్నారు, అడిగింది ఇవ్వడం నేరమా అని కాలేజీల వాళ్లు అంటున్నారు. నేరమే, ఇవ్వలేనిది ఇస్తామని ఫీజు తీసుకుంటే. సీటు అడిగిన తల్లిదండ్రులు ఆ సీటుతో పాటు పాఠం కూడా ఉంటుందనే అనుకుంటారు.

హోర్డింగుల మీద గూగుల్ బొమ్మ వేసే వాళ్లను ఒక మాట అడగాలి. డేటా సెంటర్ అంటే ఏమిటో వాళ్లకు తెలుసా? అక్కడ వేల మంది కూర్చుని కోడ్ రాయరు. వరసలు వరసలుగా సర్వర్లు, వాటికి ఆగకుండా కరెంటు, వాటి వేడి తగ్గించడానికి చిల్లర్లనే చల్లబరిచే యంత్రాలు ఉంటాయి. విశాఖలో అనుకుంటున్నది గిగావాట్, అంటే వెయ్యి మెగావాట్ల స్థాయి కేంద్రం. పరవాడ దగ్గరి సింహాద్రి ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2000 మెగావాట్లు. అందులో సగమంత కరెంటు ఒక్క డేటా సెంటర్‌కే అన్నమాట. ఆ సబ్‌స్టేషన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్లు, కూలింగ్ ప్లాంట్లు నడిపేది ఎవరు? ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజినీర్లు. కట్టేది సివిల్ ఇంజినీర్లు. సరిగ్గా ఆ మూడు బ్రాంచిల సీట్లనే తెగ్గోసి, ఆ అధ్యాపకులనే పైథాన్ క్లాసులకు తరిమి, డేటా సెంటర్ పేరు చెప్పి సీఎస్‌ఈ సీట్లు అమ్ముతున్నారు. 1948లో మన షిప్‌యార్డు నుంచి జల ఉష ఓడ నీళ్లలోకి దిగిన ఊరిది. ఉక్కు కోసం 1966లో రక్తం చిందించిన ఊరిది. రిఫైనరీ, పోర్టు, నేవల్ డాక్‌యార్డు, ఫార్మా సిటీ ఉన్న ఊళ్లో మెకానికల్ బ్రాంచికి దిక్కు లేకుండా చేస్తున్న వాళ్లు విశాఖ భవిష్యత్తు గురించి మాట్లాడటం మాకు మింగుడు పడటం లేదు.

ప్లేస్‌మెంట్ ప్రకటనలదీ ఇదే తీరు. నలభై లక్షల ప్యాకేజీ వచ్చిన ఒక్క అమ్మాయి ఫొటో బస్సంత సైజులో వేస్తారు. ఆ అమ్మాయి తన కష్టంతో సంపాదించుకున్న ఉద్యోగం అది, ఆమెకు మా అభినందనలు. కానీ మిగతా వందల మంది ఏమయ్యారు? ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడు ప్లేస్‌మెంట్లుగా రాస్తారు. బీపీఓలో చేరినా, మూడు నెలల ఇంటర్న్‌షిప్ దొరికినా లెక్కలో కలుపుతారు. అత్యధిక ప్యాకేజీ అందరికీ చెబుతారు. వరసలో సరిగ్గా మధ్యలో నిలబడ్డ విద్యార్థికి ఎంత వచ్చిందో ఎందుకు చెప్పరు?

దీనికి బలయ్యేది ఎవరో కూడా చెప్పాలి. ఊళ్లో డబ్బున్న వాళ్ల పిల్లలు కాలేజీ చెప్పకపోయినా కోచింగ్ కొనుక్కుంటారు, కోర్సులు కొనుక్కుంటారు, అమెరికా పోతారు. పాడేరు నుంచో పాలకొండ నుంచో పలాస నుంచో వచ్చి, ఇంట్లో మొదటిసారి ఇంజినీరింగ్ మెట్లెక్కిన పిల్లకు కాలేజీ తప్ప దిక్కు లేదు. ఆ ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు పడుతుందో తెలీదు, పడేదాకా సర్టిఫికెట్లు ఇచ్చేది లేదని ఆఫీసులో కసుర్లు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరిన వాళ్లలో ఎకరం జీడిమామిడి తోట తాకట్టు పెట్టిన తండ్రులున్నారు. ఏ ప్రశ్నా అడగలేని ఈ కుటుంబాలకే అధ్యాపకుడు లేని సీటును అంటగడుతున్నారు. నాలుగేళ్ల తర్వాత ఉద్యోగం రాకపోతే మీవాడికి స్కిల్స్ లేవు అని తేల్చేస్తారు. స్కిల్స్ నేర్పుతామనే కదా అంత ఫీజు తీసుకున్నది?

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు దారి చూపాల్సిన వేళ అవే నీరసించి ఉన్నాయి. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంతో సహా రాష్ట్ర వర్సిటీల్లో శాశ్వత అధ్యాపక నియామకాలు ఏళ్ల తరబడి ముందుకు సాగలేదు. సొంత ఖాళీలు నింపుకోలేని వ్యవస్థ ప్రైవేటు కాలేజీని మీ అధ్యాపకులేరీ అని ఏ ముఖంతో అడుగుతుంది? అందుకే ముందు అక్కడి ఖాళీలు నింపాలి.

మేం అడుగుతున్నది పెద్ద కోరికేమీ కాదు. ముందుగా చెప్పకుండా తనిఖీ చేసి అధ్యాపకుల సంఖ్యను నిర్ధారించేదాకా విశాఖ, అనకాపల్లి, విజయనగరం జిల్లాల్లో సీఎస్‌ఈలో, దాని బ్రాకెట్ కోర్సుల్లో ఒక్క సీటు కూడా పెంచొద్దు. ప్రతి కాలేజీ సబ్జెక్టువారీగా ఎవరు చెబుతున్నారో, వాళ్ల చదువు ఏ బ్రాంచిలోనో వెబ్‌సైట్‌లో పేర్లతో సహా పెట్టాలి. ఏఐసీటీఈ వివరాలు వెల్లడించమని ఎప్పటి నుంచో అడుగుతోంది. పాత జాబితాలు, మానేసి వెళ్లిపోయిన వాళ్ల పేర్లు అక్కడ ఉంచి చేతులు దులుపుకుంటున్నారు. ఎందరికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థంగా ఎంత జీతం అన్నది ఏటా ఆడిట్ చేయించి ప్రకటించాలి. కౌన్సెలింగ్ పోర్టల్‌లో కాలేజీ పేరు పక్కనే ఈ రెండు అంకెలు కనిపించాలి.

ఉన్నత విద్యా మండలి పెద్దలకు, అనుబంధ గుర్తింపు ఇచ్చే వర్సిటీ అధికారులకు ఇవేవీ కొత్త సంగతులు కావు. ప్రతి కాలేజీ ఫైలు మీ టేబుల్ మీదికే వస్తుంది. 120 మంది ఉండాల్సిన చోట ఎందరున్నారో మీకు తెలుసు. ఒకే పేరు రెండు కాలేజీల జాబితాల్లో కనిపించినా గట్టిగా అడగకుండా సంతకం చేసింది మీరే. రేపు ఈ పిల్లలు డిగ్రీ చేతబట్టుకుని రుషికొండ కొండెక్కి, రాత పరీక్ష మొదటి రౌండ్‌లోనే వెనక్కి వస్తే ఏఐ మీదా, మార్కెట్ మీదా, పిల్లల బద్ధకం మీదా నెపం వేయకండి. ఆ ఫైలు మీద ఉన్న సంతకం ఎవరిదో ముందు చూసుకోండి.