పదిహేను గ్యాలన్ల పుణ్యం

పాపాన్ని గ్యాలన్లలో కొలవడం నేర్పిన ఘనత అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర శాసనసభది. 1838లో అక్కడ చేసిన చట్టం ప్రకారం ఘాటు మద్యాన్ని 15 గ్యాలన్లకు తక్కువ అమ్మకూడదు. కొన్నవాడు సరుకంతా ఒకేసారి మోసుకుపోవాలి. 15 గ్యాలన్లంటే మన లెక్కలో దాదాపు 57 లీటర్లు. గ్లాసుడు తాగితే భ్రష్టుడు, పీపాడు ఇంటికి తోలుకుపోతే గృహస్థుడు. బండీ, నేలమాళిగా ఉన్న పెద్దమనుషుల దాహానికి ఏ లోటూ రాలేదు. కూలివాడి చిల్లర గ్లాసుకే సరి గనక, సంస్కరణ భారమంతా అతని నెత్తిన పడింది.

ఈ తెలివి రాత్రికి రాత్రి పుట్టింది కాదు. దాని విత్తనం చర్చిలో పడింది. ఉజ్జీవం, అంటే జనంలో దైవభక్తి మళ్లీ రగలడం, ఆకాశం నుంచి ఊడిపడదని, పద్ధతిగా సాగుచేస్తే పైరులా పండుతుందని క్రైస్తవ ప్రచారకుడు చార్లెస్ ఫిన్నీ బోధించేవాడు. 1830 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో, ఎరీ కాలువ ఒడ్డున పిండిమరల ఊరైన రాచెస్టర్‌లో దిగాడు. ఆయన సేద్యానికి ముఖ్యమైన పనిముట్టు ఒక బెంచీ. ప్రసంగ వేదికకు ఎదురుగా, ముందు వరసలో ఉండాలి. మనసు కలతపడ్డవాళ్లు లేచొచ్చి అందరూ చూస్తుండగా అందులో కూర్చోవాలి. చాటున పడ్డ పశ్చాత్తాపం తెల్లారేసరికి ఆరిపోతుంది; ఊరు చూసిన పశ్చాత్తాపానికి కాపలా ఎక్కువ. అప్పటికీ లొంగనివాళ్లుంటే వాళ్ల పేరు పెట్టి మరీ ప్రార్థించడమే.

పంట బాగానే పండింది. డిసెంబరు 31 రాత్రి ఫిన్నీ శిష్యుడు థియోడర్ వెల్డ్ తన ప్రసంగంలో మద్యం మీద విరుచుకుపడ్డాడు. మర్నాడు ఇద్దరు సరుకుల వర్తకులు తమ విస్కీ పీపాలను బయటికి దొర్లించి, జనం చూస్తుండగా పగలగొట్టారు. నిన్నమొన్నటిదాకా పనివాళ్లతో కలిసి తాగిన యజమానులకు ఇప్పుడు వాళ్ల తాగుడు బొత్తిగా గిట్టలేదు.

పీపాలు పగలాలంటే మనసులు మారాలి, దానికి టైము పడుతుంది. చట్టమైతే ఒక్క ఓటింగుతో పని అయిపోతుంది. కానీ పదిహేను గ్యాలన్ల చట్టం వచ్చిన ఏడాదే మసాచుసెట్స్‌లోని డెడమ్‌లో, మిలీషియా (పౌరసేన) కవాతు మైదానం దగ్గర ఒకడు పందికి చారల రంగు పూసి గుడారంలో కట్టేశాడు. చూడ్డానికి టికెట్టు ఆరు సెంట్ల చిల్లర. చూసినవాడికి గ్లాసు మందు ఉచితం. అమ్మింది పంది దర్శనమే గనక చట్టానికి నోరు లేదు. జంతుశాస్త్రం మీద మక్కువతో జనం గుడారంలోకి మళ్లీ మళ్లీ దూరారు. 1839 ఎన్నికల్లో గవర్నర్ ఎవరెట్ ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడాడు. ఆ ఓటు పందిదేనని నా గట్టి అనుమానం. 1840లో చట్టం రద్దయింది.

ఇంతటి అనుభవం నుంచి మెయిన్ రాష్ట్రం ఒక పాఠం నేర్చుకుంది: గ్యాలన్ల గొడవే వద్దు. అక్కడి పోర్ట్‌లాండ్ నగర మేయర్ నీల్ డౌ పట్టుబట్టి తెచ్చిన చట్టం మీద 1851 జూన్ 2న సంతకం పడింది. ఔషధాలకూ పరిశ్రమలకూ తప్ప చుక్క మద్యం అమ్మకూడదు. ముగ్గురు ఓటర్లు ఫిర్యాదు చేస్తే సోదా వారెంటు వస్తుంది. సరిగ్గా నాలుగేళ్లకు, 1855 జూన్ 2న, పోర్ట్‌లాండ్ పురపాలక భవనంలో 1,600 డాలర్ల మద్యం ఉందని ఊరంతా గుప్పుమంది. ఔషధాల కోసమంటూ తెప్పించింది మేయర్ డౌ గారే. ఆయన చట్టంతోనే ఆయన సరుకు మీద ఊరివాళ్లు వారెంటు తెచ్చారు. చీకటి పడేసరికి భవనం ముందు గుంపు పెరిగింది, రాళ్లు లేచాయి, మిలీషియా కాల్పుల్లో ఒకడు చచ్చిపోయాడు. డౌ మీద పెట్టిన కేసును కొట్టేశారు. మరుసటి ఏడాది చట్టాన్నీ కొట్టేశారు.