గోడ మీద బెత్తెడు జాగా

హన్మకొండ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డప్పుడు చాలామంది ఫోన్ చూసుకుంటారు, నేను కరెంటు స్తంభాలు చూస్తాను. ఈ అలవాటు నక్కలగుట్ట దగ్గర మొదలైంది. రోడ్డు పక్కన ఎవరూ పట్టించుకోని ఒక పాత టెలిఫోన్ డబ్బా ఉంది, దాని తలుపు మీద ఒక స్టికర్ కనబడింది. పిల్లల నోటుబుక్కులకు అంటిస్తాం కదా, పేరు, తరగతి, సబ్జెక్టు అని అచ్చేసి ఉండే లేబుల్, అదే. పేరు అన్నచోట నీలం బాల్‌పెన్నుతో "భద్రకాళి చెరువు" అని రాసి ఉంది. తరగతి ఖాళీ. సబ్జెక్టు దగ్గర "పూడిక". కింద మిగిలిన కాస్త జాగాలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ.

చెరువులో నీళ్లు వదిలేసి పూడిక తీస్తున్న రోజులవి. వాసన గురించి, మట్టి లారీల గురించి, మళ్లీ నీళ్లు ఎప్పుడు నిండుతాయన్న దాని గురించి ఊరంతా మాట్లాడుతూనే ఉంది, పేపర్లలో రోజూ వార్తలే. అయినా ఆ కొంగ ఎక్కడికి పోవాలన్న ప్రశ్న నాకు ఆ లేబుల్ దగ్గరే తగిలింది. వారం తిరక్కుండా వాన పడి కాగితం నాని ఊడిపోయింది. ఫొటో తీసుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే అదొకటి అక్కడ ఉండేదని చెప్పినా ఎవరూ నమ్మరు.

అప్పట్నుంచి ఊళ్లో గోడల మీద, స్తంభాల మీద ఇలాంటి చిన్న బొమ్మల కోసం వెతకడం మొదలుపెట్టాను. పొద్దున ఆరింటికి, షట్టర్లు తెరవకముందు, నడుస్తూ వెతకాలి, బండి మీద వెళ్తే ఏవీ కనబడవు. స్తంభాల మీద ఉండే వాటిలో ఎక్కువ భాగం మొలల వైద్యం, లేడీస్ హాస్టల్, ఇంట్లో కూర్చుని సంపాదించండి లాంటివే, వాటిని కళ్లతోనే పక్కకు జరపడం కొన్నాళ్లకు అలవాటవుతుంది. మిగిలినవి చిన్నవి. సుబేదారిలో ఒక ప్రహరీ అడుగున అరచేయంత పాలపిట్ట ఉంది. పాత ఎక్స్‌రే షీటును బ్లేడుతో కోసి అచ్చు చేసుకుని, దాంట్లోంచి నీలం స్ప్రే కొట్టినట్టున్నారు, రెక్క అంచున రంగు కారి గడ్డిలోకి దిగింది. పోచమ్మ మైదాన్‌లో ఒక షట్టర్ మీద తాళానికి అటూ ఇటూ చాక్‌పీసుతో రెండు కళ్లు గీశారు, తాళమే ముక్కు. షాపాయన పొద్దున తాళం తీయగానే ఆ మొహం పోతుంది, రాత్రి మళ్లీ వస్తుంది. ఆయన దాన్ని తుడవలేదు. కాజీపేట స్టేషన్ బయట ఒక స్తంభానికి ఎర్ర రేడియం ముక్కతో కోసిన చిన్న రైలింజను ఉంది, సరిగ్గా ఏడెనిమిదేళ్ల పిల్లవాడి కంటికి అందే ఎత్తులో.

రేడియం అంటున్నానంటే బండ్ల నంబర్ ప్లేట్లకు, ఆటోల వెనక అద్దాలకు అంటించే ఆ మెరిసే షీటు సంగతే. ములుగు రోడ్డు వైపు రేడియం దుకాణం నడిపే ఒకాయన్ని అడిగాను, ఇవన్నీ ఎవరు చేస్తున్నారని. "ఇంటర్ పోరగాండ్లు వస్తరన్నా, కోసినంక మిగిలిన ముక్కలు అడుగుతరు. గవి మేము పారేసేటియే, పైసల్ గూడ తీస్కోను" అన్నాడు. ఈ కళకు ముడిసరుకు అదన్నమాట, ఎవరిదో ఆటో మీద "అమ్మానాన్నల దీవెన" అని అక్షరాలు కోసుకోగా మిగిలింది. కాగితపు లేబుల్ మొదటి వానకే పోతుంది గానీ ఈ ముక్క రెండు మూడు ఎండాకాలాలు ఆగుతుంది, అంచులు ముడుచుకుని రంగు వెలిసేదాకా.

వరంగల్‌లో గోడ ఎన్నడూ ఊరికే ఉండలేదు. 1959లో ఇప్పుడు నిట్ అంటున్న రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ, అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలతో ఊరు నిండిపోయింది. డెబ్బైలు, ఎనభైలలో విద్యార్థి సంఘాల నినాదాలు రాత్రికి రాత్రే గోడలెక్కేవి. జాజు నీళ్లలో కలుపుకుని, కుంచె లేకపోతే ఈతపుల్ల చివర నలగ్గొట్టి దాంతోనే మనిషెత్తు అక్షరాలు రాసేవారు. పోస్టరైతే మైదాపిండి ఉడికించిన లై. అలా రాయాలంటే ఒకరు బక్కెట్ పట్టుకోవాలి, ఒకరు రాయాలి, ఇద్దరు అటు చివర, ఇటు చివర కాపలా ఉండాలి. వెనక ఒక సంఘం ఉంటే తప్ప పెద్ద అక్షరం పుట్టదు.

ఇప్పుడు పెద్ద గోడకు రేటు ఉంది. చౌరస్తాలన్నీ ఫ్లెక్సీలవి, పుట్టినరోజు శుభాకాంక్షలవి, కోచింగ్ సెంటర్ల ర్యాంకులవి. వెనక సంఘమూ లేక, జేబులో డబ్బూ లేక, ఏదో ఒకటి చెప్పాలని మాత్రం ఉన్న పిల్లవాడికి దొరికేది డబ్బా తలుపు, పైపు వంపు, బోర్డు వెనక భాగం, అంటే బెత్తెడు జాగా. ఈ స్టికర్లను అల్లరి అని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. ఊళ్లో డబ్బు కట్టకుండా మాట్లాడగలిగే చోటు ఇంతకు కుంచించుకుపోయిందని చెప్పే సాక్ష్యాలవి.

స్టికర్‌కు ఏం బలం ఉంటుందని తీసిపారేయడానికీ లేదు, మనకు తెలిసిన సంగతే. 2014కు ముందు తెలంగాణ ఉద్యమం నడుస్తున్నప్పుడు ఎంతమంది నంబర్ ప్లేటు మీద ఏపీ తీసేసి టీజీ అంటించుకున్నారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. రూల్ ప్రకారం అది తప్పే. అయినా రెండు అక్షరాల రేడియం ముక్క ప్రతి సిగ్నల్ దగ్గరా, ప్రతి పార్కింగ్‌లో ఒక మాట చెబుతూ నిలబడింది. రాష్ట్రం వచ్చాక కోడ్ టీఎస్ అయింది, 2024 మార్చిలో ప్రభుత్వం దాన్ని టీజీగా మార్చింది. ఒకప్పుడు జనం సొంతంగా అంటించుకున్నది ఇప్పుడు రిజిస్ట్రేషన్ అక్షరం.

బయట దేశాల్లోనూ ఈ వీధి కళ చిన్నగానే మొదలైంది. 1971లో న్యూయార్క్ టైమ్స్ టాకీ 183 అనే సంతకం గురించి రాసింది. ఉత్తరాలూ పార్సిళ్లూ అందించే పనిలో ఊరంతా తిరిగే ఒక కుర్రాడు పోయిన చోటల్లా తన ముద్దుపేరు, తన వీధి నంబరు రాసిపెట్టేవాడు, అంతే. 1989లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో డిజైన్ చదువుతున్న షెపర్డ్ ఫెయిరీ ఒక మల్లయోధుడి మొహంతో స్టికర్లు చేసి అంటించడం మొదలుపెట్టాడు, ఇరవై ఏళ్లు తిరక్కముందే, 2008లో, ఒబామా ఎన్నికల పోస్టర్‌తో ప్రపంచమంతా అతని గీత చూసింది. మన దగ్గర ఎవరో అంతవాళ్లవుతారని ఈ మాట చెప్పడం లేదు. ఆ తాళం మొహం గీసినవాళ్లు ఏమీ కాకపోయినా ఆ మొహం బాగుంది, నాకది చాలు.

అయితే ఎక్కడ గీసినా కళే అనేవాళ్ల వైపు కూడా నేను లేను. వరంగల్ కోటలో రాళ్ల మీద గీకిన పేర్లు, బాణం గుచ్చిన గుండెకాయలు చూస్తే కడుపు మండుతుంది. రాయి మీద మేకుతో గీకినది తుడిస్తే పోదు, ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన చెక్కడం మీద అది పుండులా ఉండిపోతుంది. వేయి స్తంభాల గుడైనా, కోటైనా, రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది, 2010లో సవరించి పెంచారు. ఆ శిక్ష సబబే. ఎవరింటి గోడైనా అడక్కుండా ముట్టుకోకూడదు, అదీ సరే. కానీ తుప్పు పట్టిన డబ్బా తలుపు మీద కాగితపు కొంగ వల్ల ఎవరికి ఏం నష్టం? బహిరంగ స్థలాలను వికారం చేయడాన్ని ఆపడానికి మనకు 1997 నుంచి ఒక చట్టం ఉంది. దాన్ని నిజంగా వాడాల్సింది చెట్లకు మేకులు కొట్టి వేలాడదీసే ప్రకటనల మీద, సిగ్నల్ లైటు కనబడకుండా కట్టే ఫ్లెక్సీల మీద. తుడిచే చెయ్యి మాత్రం ఎప్పుడూ చిన్నదాని మీదికే ముందు పోతుంది, ఎందుకంటే చిన్నదాని తరఫున ఫోన్ చేసేవాళ్లు ఉండరు.

దీనికి నా దగ్గర సొంత ఉదాహరణ ఉంది. మా చిన్నమ్మ వాళ్లిల్లు నయీంనగర్ నాలాకు దగ్గర్లోని కాలనీలో. 2023 జులై చివర్లో కురిసిన వాన ఇక్కడివాళ్లెవరూ మర్చిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది, మోరంచపల్లి మునిగింది, హన్మకొండలో కాలనీలకు కాలనీలు నీళ్లలో నిలబడ్డాయి. నీళ్లు తీశాక మా తమ్ముడు ఇటుక ముక్కతో వీధి మలుపులో ఉన్న కమ్యూనిటీ హాల్ గోడ మీద, తన నడుము కంటే కాస్త పైన, అడ్డంగా గీత గీసి "27-7-23 నీళ్లు ఇక్కడిదాక" అని రాశాడు. ఆ గీత పక్కన పిల్లల్ని నిలబెట్టి చూపించేవారు. ఇల్లు అద్దెకు చూసుకోవడానికి వచ్చినవాళ్లు కూడా అక్కడ ఆగేవారు, కాలనీ గురించి తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఆ ఒక్క గీతలో ఉండేది మరి.

కొన్ని నెలలకు గోడలు అందంగా చేస్తున్నామని వచ్చినవాళ్లు దాని మీద తెల్లరంగు వేసి, పచ్చని చెట్టు, కొమ్మ మీద రెండు పిచ్చుకలు గీసి వెళ్లారు. బొమ్మ నిజంగానే బాగా వేశారు. గీత గురించి ఎవరూ అడగలేదు, చిన్నమ్మ చెప్పబోతే వినే తీరిక వాళ్లకు లేదు.

2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వానకు మళ్లీ నీళ్లొచ్చాయి. అప్పటి కంటే ఎక్కువొచ్చాయా తక్కువొచ్చాయా అని వీధిలో రెండు రోజులు వాదులాడుకున్నారు, చూసుకోవడానికి గీత లేదు. మూడోరోజు చిన్నమ్మ మనవడు, ఐదో తరగతి వాడు, ఇటుక ముక్క పట్టుకుని పోయి తడి ఆరని ఆ చెట్టు మొదలు మీదుగా అడ్డంగా గీత గీశాడు. తేదీ వేశాడు. "ఇక్కడిదాక" అని రాయడానికి పిచ్చుకలు అడ్డొస్తే, అక్షరాలు చిన్నవి చేసి వాటి కింద రాశాడు.