కిలోమీటరుకు ఎంత కళ?

చిత్రకారుడు ఎదిగాడో లేదో తేల్చడానికి ఇంతకాలం అతని బొమ్మలు చూడవలసి వచ్చేది. అది శ్రమతో కూడిన పని, పైగా అందరికీ చేతకాదు. ఇప్పుడా బాధ తీరింది. ప్రదర్శన కరపత్రం వెనక అట్ట తిరగేస్తే చాలు. 'పారిస్, బెర్లిన్, బాలి పర్యటించి' అని ఉంటే ఎదిగినట్టు. 'కావలి, కందుకూరు' అని ఉంటే ఇంకా ఎదగవలసి ఉన్నట్టు.

ఈ కొలమానానికి చరిత్ర బలం పుష్కలంగా ఉంది. పాల్ క్లే 1914 ఏప్రిల్‌లో ట్యునీసియా వెళ్లాడు. పది రోజులు తిరిగాడో లేదో, రంగు తనను పట్టుకుందనీ, తాను చిత్రకారుణ్ణయ్యాననీ డైరీలో రాసుకున్నాడు. అంతకుముందు పదిహేనేళ్లపాటు గీతలతో కుస్తీ పట్టిన మాట నిజమే గానీ, దానికి టిక్కెట్టు లేదు కాబట్టి లెక్కలోకి రాదు. గొగాన్ 1891లో భార్యనూ ఐదుగురు పిల్లలనూ యూరప్‌లో వదిలేసి పసిఫిక్ దీవి తాహితీకి ఓడెక్కాడు. ఆలుబిడ్డలను వదిలి పోయినవాళ్లకు మన జిల్లాల్లోనూ లోటు లేదు. పోతూ పోతూ రంగుల పెట్టె పట్టుకెళ్లడం మరిచిపోయారు, అంతే తేడా.

మతీస్ సంగతి మరీ ముచ్చటైనది. 1912లో వెలుగు వెతుక్కుంటూ మొరాకోలోని టాంజియర్‌కు వెళితే, దిగీ దిగగానే ముసురు పట్టింది. హోటలు గదిలోంచి కదల్లేక పూలకుండీ ముందు కూర్చుని బొమ్మ వేశాడు. కళకు కావలసింది ముసురూ, లాడ్జి గదీ అయితే నవంబరులో నెల్లూరు ట్రంకు రోడ్డును మించిన చోటు భూమి మీద లేదు. కానీ మన వాయుగుండం చూడటానికి వీసా అక్కర్లేదు, అందువల్ల దానికి గౌరవమూ లేదు.

సెజాన్‌ను మాత్రం ఏం చేయాలో తోచదు. పుట్టిన ఊరు, ఫ్రాన్సులోని ఎక్స్ పక్కనున్న ఒకే కొండను ఏళ్ల తరబడి గీశాడు. ఆయనకు మన ఉదయగిరి కొండ అప్పగించి ఉంటే కనీసం ప్రయాణమైనా దక్కేది. అమృతా షేర్‌గిల్ మరో చిక్కు. పారిస్‌లో చదివి 1934 చివర్లో తిరిగివచ్చింది. అజంతా చూసి, దక్షిణాది తిరిగి, 1937లో సిమ్లాలో కూర్చుని సంతకు పోయే పల్లెజనాన్ని చిత్రించింది. విదేశం నుంచి స్వదేశానికి చేసిన ప్రయాణాన్ని కూడాలా, తీసివేయాలా? నిపుణులు తేల్చాలి.

ప్రయాణం ఎంత ఎదిగిస్తుందో చెప్పడానికి మా దగ్గర నాలుగు కాళ్ల రుజువు కూడా ఉంది. ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ చేరి, 'నెలోర్' అన్న పేరుతో అక్కడి మేత బీళ్లన్నీ ఏలుతున్నాయి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది మరి, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. ఊళ్లోనే ఉండిపోయిన గిత్తకు బండలాగుడు పోటీలు మిగిలాయి.

బహుశా ఈ గిత్తల స్ఫూర్తితోనే మా ఒంగోలు యువ చిత్రకారుడొకడు విదేశయాత్రకు సిద్ధపడ్డాడు. ముందుగా మొహర్రం రోజుల్లో నెల్లూరు రొట్టెల పండుగకు వెళ్లి, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాలి లోతున నిలబడ్డాడు. కోరిక తీరినవాళ్లు అక్కడ రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె అన్నీ చేతులు మారుతున్నాయి గానీ కళాభివృద్ధి రొట్టె మాత్రం ఎక్కడా కనబడలేదు. చివరికి ఒక ఎలక్ట్రీషియన్ చేతి విదేశీ రొట్టెతో సరిపెట్టుకున్నాడు. రొట్టె పనిచేసింది. ట్యునీసియాలోని ట్యూనిస్ వెళ్లివచ్చి, మరుసటి ఏడు రొట్టె బాకీ తీర్చి, ప్రదర్శన పెట్టాడు.

గోడ నిండా ఒకే కాన్వాసు. చిమ్మచీకటి లాంటి నలుపు, అందులో బంగారు రంగు నలుసులు. పేరు 'ట్యూనిస్ రాత్రి'. అందరం మాట రాక నిలబడి ఉంటే, చీమకుర్తి క్వారీ మేస్త్రి ఒకాయన ముందుకొచ్చాడు. ఒక కన్ను మూసి కాన్వాసును పక్కవాటుగా చూశాడు. అంచు మీద బొటనవేలి గోరుతో మెల్లగా గీరాడు. "పాలిష్ బాగా వచ్చింది సార్. అడుగు ఎంతకిస్తున్నారు?" అన్నాడు.

చిత్రకారుడు తొణకలేదు. ట్యూనిస్ వెళ్లకపోతే తనకు చీమకుర్తి నల్ల గెలాక్సీ గ్రానైట్ కనబడేదే కాదన్నాడు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. ఒంగోలు నుంచి చీమకుర్తికి బస్సులో గంట కూడా పట్టదు. అంత దగ్గర్లో ఉన్నదేదీ కళ్లకు ఆనదు. పైగా ఆ రాయి ఏనాడో ఓడలెక్కి దేశాలు తిరిగింది. మనవాడు అక్కడ ఏ హోటలు వరండాలోనో దాని మీదే నడిచి ఉండవచ్చు.

మహామహులకే తప్పలేదు ఈ చుట్టుదారి. చిత్రకారుడు ఎస్.హెచ్. రజా 1950లో పారిస్ వెళ్లాడు. దశాబ్దాలు గడిచాక ఆయన కాన్వాసు నడుమ కుదురుకున్నది ఒక బిందువు. మధ్యప్రదేశ్ పల్లె బడిలో చూపు నిలవని కుర్రవాడి కోసం పంతులుగారు గోడ మీద పెట్టిన చుక్క అది. మార్కాపురం పలకల మీద మనమూ చుక్కలు పెట్టాం, ఒక్కడైనా బేరమాడాడా? పారిస్ మీదుగా వస్తే కోట్లు పలికింది.

ఈ పద్ధతిలో ఒకే ఒక్క లొసుగు కనబడింది. దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు దారుల్లో మోపెడ్‌కు రంగు డబ్బాలు కట్టుకుని తిరిగే గోడరాతల ఆర్టిస్టు ఒకాయన ఉన్నాడు. ఎరువుల ప్రకటనలు, ఎన్నికల గుర్తులు రాస్తాడు. ఫ్లెక్సీలు మింగగా మిగిలిన పని అదే. పడమటి ఎండ తగిలే గోడ మీద ఎరుపు ఎప్పటికి వెలుస్తుందో, ఏ ఊరి దుమ్ము పడితే తెలుపు ఏ రంగుకు తిరుగుతుందో చెప్పగలడు. చిత్రకారులు మూలన సంతకం పెడతారు, ఈయన ఫోను నంబరు పెడతాడు. కిలోమీటర్ల లెక్కన చూస్తే గొగాన్ ఈయన ముందు బలాదూరు.

అందుకే చిత్రకారులకు యాత్రాసాయం ఇస్తామన్న ఒక సంస్థకు దరఖాస్తు పెట్టించాను. 'సందర్శించిన ప్రదేశాలు' అన్నచోట ఆయన ఊళ్ల పేర్లు మొదలుపెట్టి, చాలక కాగితం వెనక్కి తిప్పాడు. 'ప్రయాణ ఉద్దేశం' అన్న గడిలో 'గోడలు' అని రాశాడు. దరఖాస్తు తిరిగి వచ్చింది. పాస్‌పోర్టు నకలు జతచేయలేదట. ఉద్దేశం కూడా స్పష్టంగా లేదట.