ఓడెక్కనా, మాననా?

ఇది 2021 నాటి ముచ్చట. మూడు వారాలుగా నేనొక పెద్ద నిర్ణయం దగ్గర ఆగిపోయి ఉన్నాను. ఏడు రాత్రుల క్రూయిజ్. చుట్టూ సముద్రం, పైన ఆకాశం, ఎప్పుడు వెళ్లినా వడ్డించి ఉండే బఫే. చిక్కల్లా ఏమిటంటే, బయట కరోనా మహమ్మారి నడుస్తోంది, నేనింకా టీకా వేయించుకోలేదు. బుక్ చేయాలా వద్దా? నేను దేనికీ తొందరపడే మనిషిని కాను. మా ఆవిడ రెండో డోసు కూడా వేయించుకుని, ఒకరోజు జ్వరంతో పడుకుని, లేచి తన పనుల్లో పడిపోయింది. నేను మాత్రం ఇంకా పరిశీలనలోనే ఉన్నాను.

మొదట ఆపింది బుకింగ్ ఫారం. ఒక పేజీలో పేరు, ఇంకో పేజీలో పాస్‌పోర్టు నంబరు, మూడో పేజీలో "టీకా వేయించుకున్నారా?" అని ప్రశ్న. దాని కింద రెండే గడులు: అవును, లేదు. "ఆలోచిస్తున్నాను" అనే గడి లేదు. అంత పెద్ద ఓడలో ఐస్ స్కేటింగ్‌కి చోటు దొరికింది గానీ, ఆలోచనాపరుడికి ఒక్క గడి పెట్టడానికి చోటు దొరకలేదు. రెండు గడుల మధ్య కర్సర్ పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఈలోగా టైమ్ అయిపోయిందంటూ పేజీ మూసుకుపోయింది. మళ్లీ పేరు దగ్గర్నుంచి మొదలు.

"లేదు" నొక్కితే ఏమవుతుందో కూడా చూశాను. అమెరికాలో 2020 మార్చిలో ఆగిపోయిన క్రూయిజ్‌లు 2021 జూన్‌లో మళ్లీ కదిలాయి. సిబ్బందిలో 98 శాతం, ప్రయాణికుల్లో 95 శాతం టీకా వేయించుకున్నవాళ్లే ఉంటే, ముందు ట్రయల్ ప్రయాణం చేసి చూపించనక్కర్లేదని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ వెసులుబాటు ఇచ్చింది. అంటే మిగతా 5 శాతం నాలాంటి మేధావుల కోటా అన్నమాట. సంబరపడ్డాను. తీరా చూస్తే, పన్నెండేళ్లలోపు పిల్లలకు అప్పటికి టీకానే రాలేదు. ఆ కోటాలో ముందు వరసలో ఉన్నది వాళ్లే. రంగుల పెన్సిళ్లు పట్టుకున్న పసివాళ్ల మధ్య ఒక్కణ్నే కూర్చుని నా సిద్ధాంతాన్ని ఎవరికి వివరించను?

పైగా అప్పట్లో కొన్ని ఓడల్లో టీకా లేని పెద్దలకు అదనపు పరీక్షలు, అదీ సొంత ఖర్చుతో. మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. కొన్ని రెస్టారెంట్లలోకి, స్పాలోకి రానిచ్చేవారు కాదు. ఇది వివక్ష అని మా బావమరిదికి ఫోన్ చేసి చెప్పాను. "పోనీ వేయించేసుకోండి బావా, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. పరిశోధన అంటే ఏమిటో వాడికి తెలియదు.

పరిశోధన అన్నాను కాబట్టి చెప్పాలి, ఓడల చరిత్ర మొత్తం తిరగేశాను. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడను క్వారంటైన్‌లో పెట్టారు. అందులో 3,711 మంది. వాళ్లలో 700 మందికి పైగా కరోనా సోకింది. ప్రయాణికులు రెండు వారాల పాటు గదుల్లోనే ఉన్నారు, తిండి తలుపు దగ్గరికే వచ్చేది. కిటికీ లేని గదుల వాళ్లను కాసేపు డెక్ మీదకు తీసుకెళ్లి గాలి చూపించేవారు. ఇది విని భయపడేవాళ్లు భయపడతారు. నేను తర్కంతో చూస్తాను. అప్పటికి టీకా ఎవరికీ లేదు. కాబట్టి టీకా లేకపోవడం వల్లే అలా జరిగిందనడానికి రుజువేమిటి?

అదే నెలలో వెస్టర్‌డామ్ అని ఇంకో ఓడ. దాన్ని జపాన్ వద్దంది, తైవాన్ వద్దంది, ఫిలిప్పీన్స్ వద్దంది, గువామ్ వద్దంది, థాయ్‌లాండ్ వద్దంది. చివరికి ఫిబ్రవరి 13న కంబోడియా రానిచ్చింది. అప్పటి ప్రధాని హున్ సేన్ స్వయంగా వచ్చి పూలిచ్చి మరీ దింపారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. మహమ్మారి రోజుల్లో ఏరు దాటకముందే బోడి మల్లయ్యలం అయిపోతాం. అయినా ఈ కథలో నాకు నచ్చింది పూల సంగతి. ఏడు రాత్రుల టికెట్‌కి అదనంగా ఎన్నో రాత్రులు, పైన పూలు, అదనపు చార్జీ లేకుండా. బ్రోషర్‌లో ఈ మాట ఎందుకు వేయలేదో!

ఇక టీకా వేయించుకున్నవాళ్ల సంగతి. 2021 జూన్‌లో సెలబ్రిటీ మిలీనియం అనే ఓడలో పెద్దలందరూ టీకా వేయించుకున్నవాళ్లే, అయినా ఒకే గదిలో ఉన్న ఇద్దరికి పాజిటివ్ వచ్చింది. ఈ వార్త నేను మా ఆవిడకు నాలుగుసార్లు చదివి వినిపించాను. "వాళ్లకేమైంది చివరికి?" అంది. లక్షణాలేమీ లేవట అన్నాను. "మరింకేం?" అంది. ఆడవాళ్లు ఇలాగే అసలు విషయాన్ని పక్కదారి పట్టిస్తారని రాయాలనిపించింది, కానీ ఈ వ్యాసం ఆవిడ చదువుతుంది.

నాకు మాత్రం 1747 నాటి కథ దగ్గర మనసు నిలిచిపోయింది. సాలిస్‌బరీ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో జేమ్స్ లిండ్ అనే వైద్యుడుండేవాడు. విటమిన్ సి లోపం వల్ల వచ్చే స్కర్వీ జబ్బు పట్టిన 12 మంది నావికులను ఏరి, ఇద్దరిద్దరి చొప్పున ఆరు జట్లు చేశాడు. ఒక జట్టుకు యాపిల్ సారా, ఒక జట్టుకు నీళ్లు కలిపిన గంధకామ్లం, ఒక జట్టుకు వెనిగర్, ఒక జట్టుకు వెల్లుల్లీ ఆవాలూ నూరిన ముద్ద, ఒక జట్టుకు సముద్రపు నీళ్లు, ఇంకో జట్టుకు నారింజలూ నిమ్మపండ్లూ ఇచ్చాడు. ఆరు రోజుల్లో ఓడలో పళ్లు అయిపోయాయి. అప్పటికే ఆ జట్టులో ఒకడు లేచి డ్యూటీకి వెళ్లిపోయాడు, రెండోవాడు మిగతా రోగులకు సేవ చేసే పనిలో కుదిరాడు.

నేను ఆ ఓడలో ఉండి ఉంటే ఏం చేసేవాణ్నో నాకు బాగా తెలుసు. "ఈ నిమ్మపండులో ఏం కలిపారో ఎవరికి తెలుసు? వచ్చి ఆరు రోజులే అయింది, ఇరవై ఏళ్ల తర్వాత ఏమవుతుందో?" అని అడిగి, చుట్టూ ఎంత కావాలంటే అంత దొరికే, పూర్తిగా ప్రకృతి సిద్ధమైన సముద్రపు నీళ్ల జట్టులో చేరేవాణ్ని. నౌకాదళం కూడా నాలాంటిదే. నావికులకు నిమ్మరసం ఇవ్వాలని నిర్ణయించింది 1795లో. 48 ఏళ్లు! తొందరపడని సంస్థలంటే నాకు మొదట్నుంచీ గౌరవం.

ఓడ బయల్దేరే ముందు జరిగే డ్రిల్ గురించి కూడా ఒక మాట. అలారం మోగిస్తారు, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో, ఏ చోటికి రావాలో చూపిస్తారు. ఇందులో నాకే అభ్యంతరమూ లేదు. జాకెట్ లోపల ఏ నురుగు నింపారో అడగను. అది వేసుకున్నవాళ్లు కూడా మునిగిన సందర్భాల గురించి వాట్సాప్‌లో ఇంతవరకు ఏమీ రాలేదు.

చదువు చాలు, ఇక ప్రయోగం చేద్దామనుకున్నాను. ఒకవేళ పాజిటివ్ వచ్చి గదిలో పెడితే తట్టుకోగలనా? లోపలి గది సుమారు 160 చదరపు అడుగులట, కిటికీ ఉండదు. ఆదివారం పొద్దున టేపు తెచ్చి మా పడకగదిలో కొలిచి, నేల మీద సుద్దతో గీత గీశాను. మంచం, బీరువా గీత లోపలే. కర్టెన్లు వేసేశాను. తొమ్మిదింటికి లోపలికి వెళ్లి, టిఫిన్ తలుపు దగ్గర పెట్టి తట్టి వెళ్లమని మా ఆవిడకు చెప్పాను. ఆవిడ చెప్పినట్టే తట్టి వెళ్లింది. ప్లేటు తీసుకునేసరికి చల్లారిపోయింది. తొమ్మిదిన్నరకి ఫోన్‌లో బ్యాటరీ నాలుగు శాతం. చార్జర్ గీతకు అవతల, హాల్లో. నియమం నియమమే కదా. గీత అంచున బోర్లా పడుకుని, గొడుగు కొక్కెంతో చార్జర్ వైరును లాగబోయాను. అది రాలేదు గానీ పక్కనున్న పూలకుండీ వచ్చింది. చప్పుడు విని మా ఆవిడ పరుగెత్తుకొచ్చి తలుపు దగ్గర నిలబడింది. "ఏమండీ, ఇంకా ఎన్ని రోజులు?" అంది. గడియారం చూశాను. పద్నాలుగు రోజుల్లో నలభై నిమిషాలు అయ్యాయి.

మధ్యాహ్నం సుద్ద గీత తుడుస్తూ ఉంటే, ఆవిడ పాస్‌పోర్టుల సంచీ తీసి సర్దుతోంది. ఎలాగూ ఆవిడ ఫారంలో "అవును" గడి ఉంది కదా, ఆ ధీమా.

"ఏమండీ, ఈ పసుప్పచ్చ పుస్తకం మీదేనా?"

నాదే. సింహాలను చూడడానికి ఆఫ్రికా వెళ్లినప్పటిది. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు ధ్రువపత్రం. వేసిన తేదీ, బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం, గుండ్రటి ముద్ర. ఆ బ్యాచ్ నంబరు నేను చూడడం అదే మొదటిసారి. ఈ కార్డు పదేళ్లే చెల్లేది, 2016 జులై నుంచి జీవితాంతం చెల్లేలా మార్చారు. అది కూడా ఆవిడే చెప్పింది.

"ఇది వేసినప్పుడు అందులో ఏముందని అడిగారా?"

"లేదు."

"ఎందుకని?"

"టికెట్లు కొనేశాం కదా. మానేస్తే పైసా తిరిగి రాదన్నారు."

ఆవిడ నా వంక కాసేపు చూసి, పుస్తకం సంచీలో పెట్టి జిప్పు లాగేసింది.

మర్నాడు పొద్దున్నే క్రూయిజ్ కంపెనీకి ఫోన్ చేశాను. "క్యాన్సిల్ చేస్తే ఒక్క పైసా కూడా వెనక్కి రాని టికెట్ ఏదైనా ఉందా అమ్మా?" అని అడిగాను. ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు. ఆ అమ్మాయి ఒక్క నిమిషం లైన్లో ఉండమంది.